పిల్లల్ని ఆడించే టీచరుకు సొంత ఆట అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో యూకేజీ చెబుతున్నారు. రోజంతా పిల్లలతో పాటలు, ఆటలు, చప్పట్లు. సాయంత్రం ఇంటికొచ్చాక మీ నాలుగేళ్ళ బాబు "అమ్మా, ఆడుకుందాం రా" అంటే ఏడుపొస్తోంది. మొన్న ఒక శిక్షణలో "టీచర్లు కూడా హాయిగా ఆడుకోవాలి" అన్నారు. రోజూ ఆడుతూనే ఉన్నాను, ఇంకా ఆడటమేమిటి, ఇది నిజంగా పనికొచ్చే మాటేనా అని అడిగారు.

పనికొచ్చే మాటే. కాకపోతే మీరు రోజంతా చేస్తున్నది ఆడటం కాదు, ఆడించడం. ఈ రెండూ వేరు. ఆడించేటప్పుడు మీ ఒక కన్ను గడియారం మీద ఉంటుంది, ఇంకోటి మెట్ల దగ్గర నిలబడ్డ పిల్లాడి మీద ఉంటుంది. ఎవరికి వంతు రాలేదు, ఎవరు ఎవర్ని నెట్టారు, ఎవరికి ఒంటేలు వస్తోంది, అన్నీ మీరే చూసుకోవాలి. అది మంచి పని, చాలా కష్టమైన పని. కానీ ఆ ఆటలో మీరు లేరు. మీకు కావలసింది ఎవరికీ ఏమీ నేర్పనక్కరలేని ఆట, ఎవరికి దెబ్బ తగులుతుందోనని కాపలా కాయనక్కరలేని ఆట. అదీ పెద్దవాళ్ళతో. వారానికి ఒక గంట దొరికినా చాలు.

నేను కాకినాడ దగ్గర ఒక చిన్న బడిలో పదకొండేళ్ళు నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చెప్పాను. ఆ తర్వాత పదమూడేళ్ళుగా అంగన్‌వాడీ టీచర్లకు, చిన్న బడుల టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను. కింద రాసేది ఎక్కువగా ఆ అనుభవమే.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. టీచరుగా నాకు ఎనిమిదో ఏడు. బడి వెనకాల ఇసుక పోయించి ఉండేది. ఒక పిల్లాడు, నాలుగేళ్ళవాడు, రోజూ అక్కడే కూర్చుని ప్లాస్టిక్ గ్లాసుతో ఇసుక తీసి పగిలిన గరాటులో పోసేవాడు. కింద ధార కారుతుంటే దాని కింద అరచేయి పెట్టి చూసేవాడు. మళ్ళీ పోసేవాడు. అలా పావుగంట కదిలేవాడు కాదు. నేను వెళ్ళి పక్కన గొంతుకూర్చుని "ఎన్ని గ్లాసులు పోశావు నాన్నా? లెక్కపెడదామా?" అని అడిగాను. వాడు నా మొహంకేసి చూశాడు. గ్లాసు కింద పెట్టి, చేతులు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడూ అడిగాను, మర్నాడూ లేచిపోయాడు. మూడో రోజు నుంచి ఇసుక దగ్గరికే రాలేదు. వాడికి శ్రద్ధ తక్కువని రిజిస్టరులో రాశాను కూడా.

అది నాకు అర్థం కావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ వేసవి సెలవుల్లో మా అత్తగారు అటక మీద నుంచి వామనగుంటల పీట దింపించారు. పద్నాలుగు గుంటల పాత చెక్క పీట, గుంటకు అయిదు చింతగింజలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి గడప దగ్గర చల్లటి గచ్చు మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆవిడకు డెబ్బై దాటాయి. గింజలు గుప్పిట్లోంచి ఒక్కొక్కటీ జారవిడుస్తుంటే చూడకుండానే ఎక్కడ అయిపోతాయో తెలిసేది ఆవిడకు. నేను మొదటి వారమంతా ఓడిపోయాను. రెండో వారానికి నాకూ చేతిలో ఆ లయ వచ్చింది. ఒకరోజు ఆట మంచి పట్టు మీద ఉంది. మా అమ్మాయి వచ్చి "అమ్మా, ఇప్పుడు నీ దగ్గర ఎన్ని గింజలున్నాయి? నానమ్మ దగ్గర ఎన్ని?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉండవే" అని కసిరాను. లెక్క పోయింది, చేతిలో లయ పోయింది, ఆట మీద మనసూ పోయింది.

ఆ సాయంత్రం నాకు ఆ ఇసుక పిల్లాడు గుర్తొచ్చాడు. నేను వాడికి రోజూ చేసింది సరిగ్గా ఇదే.

మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడుంది. పెద్దవాళ్ళు ఆడుకుంటే మనసు తేలికవుతుంది, నవ్వు వస్తుంది, నిజమే. కానీ పిల్లలతో పనిచేసేవాళ్ళకు అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. ఆటలో మునిగి ఉండటం లోపలి నుంచి ఎలా ఉంటుందో ఒంటికి మళ్ళీ తెలుస్తుంది. అది తెలిసినవాళ్ళు పిల్లల ఆట మధ్యలోకి ఊరికే దూరరు. "ఇదే రంగు? అదెన్ని? ఇది ఏ ఆకారం?" అని అడిగేముందు నోరు దానంతటదే ఆగుతుంది. పుస్తకం చదివి ఇది తెలుసుకోవచ్చు. నేనూ చదివాను, పరీక్షలో రాశాను. అయినా ఇసుక దగ్గర కూర్చున్నప్పుడు ఆ చదువు నన్ను ఆపలేదు.

డొనాల్డ్ విన్నికాట్ అని ఇంగ్లండులో పిల్లల డాక్టరు ఉండేవాడు. పిల్లల మనసులకు వైద్యం చేసిన మనిషి. వైద్యం చేసేవాడికి ఆడటం చేతకాకపోతే అతను ఆ పనికి తగడు అని 1971లో రాశాడు. మొదటిసారి చదివినప్పుడు చాలా కటువుగా అనిపించింది. ఇప్పుడు అనిపించదు.

ఇంకో సంగతి. మన దగ్గర ఇప్పుడు ఆట గురించి మాట బాగానే వినిపిస్తోంది. 2020 విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు చదువంతా ఆటపాటలతో సాగాలంటుంది. సంతోషమే. కానీ నేను కూర్చున్న శిక్షణల్లో ఎక్కడా "నువ్వు చివరిసారి ఎప్పుడు ఆడావమ్మా?" అని టీచర్ని అడిగిన మనిషి లేడు. ఆటను పనిముట్టుగా మన చేతికిచ్చారు. పనిముట్టుగా వాడి వాడి మనకే దాని రుచి పోతోంది. మీకు జరిగింది అదే అనుకుంటున్నాను. మీ బాబు "ఆడుకుందాం" అన్నప్పుడు మీ చెవికి అది "ఇంకో పీరియడు తీసుకో" అన్నట్టు వినిపిస్తోంది.

తొక్కుడుబిళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఇది నా శిక్షణల్లో జరిగింది. మూడు రోజుల శిక్షణలో రెండో రోజు మధ్యాహ్నం. ముప్పైమందికి పైగా అంగన్‌వాడీ టీచర్లు. ఈ టీచర్ల పని ఎంతో మీకు తెలిసే ఉంటుంది. 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైనప్పటి నుంచి పిల్లలకు ఆటపాటలు నేర్పడం వాళ్ళ పనుల్లో ఒకటి మాత్రమే. తూకాలు, భోజనాలు, గర్భిణులూ బాలింతల వివరాలు, టీకాల రోజులు, ఇప్పుడు ఫోనులో ఎంట్రీలు, అన్నీ ఒకే మనిషి మీద. ఆ రోజు కరెంటు పోయింది. ప్రొజెక్టర్ లేదు, ఫ్యాన్లు లేవు. అందరం వరండాలోకి వచ్చాం. ఏం చేయాలో తోచక నేను సుద్దముక్కతో నేల మీద తొక్కుడుబిళ్ళ గళ్ళు గీశాను.

ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. వాళ్ళలో యాభై దాటిన ఒకావిడ ఉన్నారు. రెండు రోజులుగా ఒక్క మాట మాట్లాడలేదు, పేరు అడిగినా తల వంచుకునే చెప్పారు. ఆవిడ వెళ్ళి గోడ వారగా పడి ఉన్న పెంకు ముక్క ఒకటి తెచ్చారు. చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. గరుగ్గా ఉందేమో, అంచుల్ని గచ్చు మీద రాయడం మొదలుపెట్టారు. రాసి, ఊది, బొటనవేలితో తడిమి, మళ్ళీ రాసి. అంతా నిశ్శబ్దంగా ఆ చేతినే చూస్తున్నాం. కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని బిళ్ళ మొదటి గడిలో విసిరారు. ఒంటికాలి మీద కుంటుతూ, బిళ్ళను కాలితో ఒక్కో గడీ దాటిస్తూ వెళ్ళారు. పగుళ్ళు తేలిన ఆ మడమ ఒక్క గీత మీద పడలేదు.

ఆ తర్వాత ఇక ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయింది. ఒకావిడ మొహం ఆకాశంకేసి పెట్టి, కింద చూడకుండా గళ్ళు దాటుతూ "రైటా?" అని అరుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు "రైట్!" అని అరుస్తున్నారు. నాలుగో గడి దగ్గర తగువు. "గీత తొక్కావు." "తొక్కలేదు, నీ కళ్ళు నెత్తికెక్కాయి." సుద్ద చెరిగిందా లేదా అని నలుగురు వంగి చూశారు. ఆ తగువు పది నిమిషాలు సాగింది, దాన్ని తేల్చింది కూడా వాళ్ళే. కరెంటు వచ్చినా ఎవరూ లోపలికి రాలేదు.

మర్నాడు పొద్దున్న పక్క ఊరి కేంద్రానికి పరిశీలనకు వెళ్ళాం. ఇద్దరు పిల్లలు చెక్కముక్కలు పేరుస్తూ "అది నా లారీ", "కాదు, ఇది గోడ" అని కేకలేసుకుంటున్నారు. ఒక టీచరు అలవాటు ప్రకారం "గొడవపడకూడదు" అంటూ లేవబోయింది. పెంకు అరగదీసినావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండమ్మా. వాళ్ళే తేల్చుకుంటారు. నిన్న మనకెవరైనా తీర్పు చెప్పుంటే ఊరుకునేవాళ్ళమా?" అన్నారు. రెండు నిమిషాల్లో ఆ గోడ లారీ ఎక్కింది. పిల్లలు కొట్టుకుంటుంటే ఆపాలి, అందులో సందేహం లేదు. కానీ నియమం గురించి జరిగే తగువు ఆటలో భాగమే. అది ఆ పిల్లలు సొంతంగా చేసుకుంటున్న పని. ఈ ముక్క చెప్పడానికి నా దగ్గర పదహారు స్లైడ్లున్నాయి. ఆవిడకు ఒక్క మధ్యాహ్నం చాలింది.

ఇక జాగ్రత్తలు. మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది. బలవంతపు ఆట ఆట కాదు. నేను శిక్షణకు వెళ్ళిన ఒక బడిలో శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి అయిదింటి వరకు టీచర్లంతా ఆడాలని నియమం పెట్టారు. మ్యూజికల్ చైర్స్, బెలూన్లు పగలగొట్టడం. యాజమాన్యం ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేది. ఎవరు హుషారుగా ఉన్నారు, ఎవరు లేరు అనేది తర్వాతి మీటింగులో మాట్లాడేది. మూడు వారాల్లో టీచర్లకు శనివారమంటేనే టెన్షన్ పట్టుకుంది. ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి "మేడం, ఆ గంట కూడా నోటుబుక్కుల కరెక్షన్‌కు ఇచ్చేస్తే ఇంటికి తొందరగా పోతాం కదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ఎలుక పిల్లల ఆట మీద చాలా ఏళ్ళు పనిచేశాడు. ఎలుక పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటాయి, అప్పుడు మన చెవికి అందని సన్నటి కిచకిచలు చేస్తాయి. అవి ఆడుకునే చోట పిల్లి వెంట్రుకల చిన్న కుచ్చు ఒకటి పెట్టాడు. అవి పిల్లిని ఎప్పుడూ చూడలేదు. అయినా ఆట ఆగిపోయింది. ఆ కుచ్చు తీసేసిన తర్వాత కూడా కొన్ని రోజుల దాకా అక్కడ అవి మామూలుగా ఆడలేదు. ఆ బడిలో పైఅధికారి చేతిలో ఫోను ఆ వెంట్రుకల కుచ్చు లాంటిదే. భయం ఉన్నచోటికి ఆట రాదు. మీ బడిలో ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే రెండే అడగండి: రానివాళ్ళను ఏమీ అనకూడదు, ఫోటోలు వద్దు. ఒప్పుకోకపోతే బడి బయట చూసుకోండి.

రెండోది, ఆట మందు కాదు. మీ తరగతిలో నలభై మంది పిల్లలుండి ఆయా లేకపోతే, జీతం నెలల తరబడి ఆగితే, రాత్రి అయిదు గంటలే నిద్రపోతుంటే, ఆ ఇబ్బందులు వామనగుంటలతో తీరవు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది, మన దేశం 1992లో అందులో చేరింది. దాని 31వ అధికరణం పిల్లలకు ఆడుకునే హక్కు ఉందంటుంది. చాలామంది గమనించరు గానీ, అందులో ఆట కంటే ముందు రాసినవి విశ్రాంతి, తీరిక. ఆ వరస నాకు చాలా సబబుగా తోస్తుంది, పెద్దవాళ్ళకు కూడా. ముందు నిద్ర చూసుకోండి.

ఇంకోటి కాస్త నెమ్మదిగా చెబుతాను. కళ్ళలో నీళ్ళు వస్తున్నాయని రాశారు. అది ఎప్పుడో ఒకసారి సాయంత్రం అయితే అలసట కావచ్చు. రెండు వారాలకు మించి రోజూ ఉంటే, ఇంతకుముందు ఇష్టమైనవేవీ ఇప్పుడు ఇష్టం కాకపోతే, తిండీ నిద్రా తేడా వస్తే, దయచేసి డాక్టరుకు చూపించుకోండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది, 14416. తెలుగులో మాట్లాడొచ్చు. నాతో పనిచేసిన ఒక టీచరు విషయంలో నేను ఆలస్యం చేశాను. "సరదాగా మాతో రా, అన్నీ పోతాయి" అని ఆమెను ఆటలకు లాక్కెళ్ళాను. ఆమెకు కావలసింది వైద్యం. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఏ ఆట అని అడుగుతారు. చిన్నప్పుడు మీ ఒంటికి అలవాటైన ఆటే తొందరగా పట్టుబడుతుంది. గచ్చకాయలు, అష్టాచెమ్మా, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, షటిల్, ఏదైనా సరే. మా వీధిలో నలుగురు ఆడవాళ్ళం ఆదివారం సాయంత్రం డాబా మీద గచ్చకాయలు ఆడతాం. గచ్చకాయలు దొరకనప్పుడు నున్నటి గులకరాళ్ళు ఏరుకొచ్చాం. మొదట్లో చేతి వెనక భాగం మీద రెండు రాళ్ళు కూడా నిలిచేవి కావు. ఇప్పుడు అయిదూ పడుతున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుపడను, నాకది చాలా సంతోషం.

ఫోనులో ఆటల గురించి కూడా అడుగుతుంటారు. చెడ్డవని అనను, బస్సులో కూర్చున్నప్పుడు నేనూ ఆడతాను. కానీ నేను చెబుతున్న పనికి అవి సరిపోవు. ఎదురుగా మనిషి ఉండాలి. వాళ్ళ మొహం చూసి మీరు నవ్వాలి, గీత తొక్కావని వాళ్ళతో తగువుపడాలి. పందెం కాసే పేకాట కూడా ఇందులోకి రాదు. డబ్బు వచ్చిందంటే మనసంతా దాని మీదే ఉంటుంది.

"పెళ్ళయిన ఆడది గెంతులేమిటి" అనేవాళ్ళు ఉంటారు. మగ టీచర్లకు ఇంకో రకం సిగ్గు, పిల్లల ముందు గౌరవం పోతుందని. గుజరాత్‌లో భావనగర్‌లో 1920లో బాలమందిరం పెట్టిన గిజుభాయి బధేకా అంతకుముందు వకీలు. నల్లకోటు వదిలేసి పసిపిల్లల మధ్య కూర్చుని కథలు చెప్పి ఆటలాడించాడు. మీసాల తల్లి అని ఆయనకు పేరు వచ్చింది. ఆ పేరుతో ఆయన గౌరవం తగ్గలేదు, వందేళ్ళ తర్వాత కూడా టీచర్లం ఆయన్ని తలచుకుంటున్నాం. సిగ్గు మొదటి రెండు మూడు సార్లే ఉంటుంది. నలుగురు కలిస్తే ఇంకా తొందరగా పోతుంది. అందుకే ఒంటరిగా మొదలుపెట్టకండి, మీ బడిలో మీకు బాగా దగ్గరైన ఒక్క టీచర్నైనా కలుపుకోండి.

ఇక మీ బాబు. వాడి గురించి మీరు పడుతున్న బాధ నాకు తెలుసు. మా అమ్మాయి చిన్నప్పుడు నేనూ పడ్డాను. ఇంటికి రాగానే ఆడాలని పెట్టుకోకండి. నేను చేసింది చెబుతాను. చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, హాల్లో చాప పరిచి ఇరవై నిమిషాలు వెల్లకిలా పడుకునేదాన్ని. "అమ్మ ఇప్పుడు కొండ. కొండ మాట్లాడదు" అని చెప్పాను. అది నా మీద ఎక్కేది, దిగేది, నా పొట్ట మీద బొమ్మల్ని నిలబెట్టేది. నేను ప్రశ్నలు అడగలేదు, ఏమీ నేర్పలేదు, కళ్ళు మూసుకున్నాను. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం దాని బొమ్మ ఎక్కుతుంటే నాకు తెలియకుండానే కొండ కదిలింది. బొమ్మలన్నీ పడిపోయాయి. అది కిలకిలా నవ్వి "మళ్ళీ!" అంది. మళ్ళీ కదిలాను. ఆ రోజు చాప తీసి చుట్టేసరికి ఎనిమిదైంది, అన్నం ఇంకా పొయ్యి మీదకు ఎక్కలేదు.